‘కనబడలేదు’ అన్న రిపోర్టు: తల్లి రక్తంలో బిడ్డ గ్రూపు వెతికిన ఒక కేసు

నేపథ్యం

ఆమెకు ఇరవై ఆరేళ్లు. మూడో గర్భం. పదో వారంలో మా ఓపీకి వచ్చింది. బ్లడ్ గ్రూపు ఏ నెగెటివ్, భర్తది ఏ పాజిటివ్. మేనరికం, అతను ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, చేసే పని, తేదీలు, ఆస్పత్రుల వివరాలు తీసేశాను.

మొదటి కాన్పు మామూలుగానే జరిగింది. బిడ్డ పాజిటివ్. కానీ బిడ్డ గ్రూపు రిపోర్టు వచ్చేసరికి నాలుగో రోజు. అప్పటికే తల్లీబిడ్డల్ని ఇంటికి పంపేశారు. 72 గంటలు దాటిపోయాయి కాబట్టి తల్లి ఒంట్లో యాంటీబాడీలు తయారు కాకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ వేసినా ఇక లాభం లేదన్నారట. ఈ మాట నేను తరచూ వింటుంటాను, విన్న ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. 72 గంటల్లోపు వేయడమే మంచిది, నిజమే. అయితే ఆ గడువు దాటినా పది రోజుల దాకా వేస్తే ఎంతోకొంత రక్షణ దొరకొచ్చు. ఆ రోజు ఆ సూది పడి ఉంటే నేనీ కేసు రాయాల్సిన అవసరమే ఉండేది కాదేమో.

రెండో గర్భంలో ఏడో నెల దాకా, తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే కూంబ్స్ పరీక్ష ఆమెకి ఎవరూ రాయలేదు. కదలిక తగ్గిందని స్కానింగ్‌కి వెళితే బిడ్డ పొట్టలో, గుండె చుట్టూ, చర్మం కింద నీరు చేరి ఉంది. రెండు రోజులకి కడుపులోనే పోయింది.

జరిగింది ఇదీ. మొదటి కాన్పులో బిడ్డ పాజిటివ్ కణాలు, అంటే డి అనే గుర్తు ఉన్న ఎర్రకణాలు, కొన్ని తల్లి రక్తంలో కలిశాయి. ఆమె ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారు చేసుకుంది. రెండోసారి అవి మాయ దాటి బిడ్డలోకి వెళ్లి ఎర్రకణాల్ని నాశనం చేశాయి. రక్తహీనత ముదిరి బిడ్డ ఒళ్లంతా నీరు పట్టింది.

మా ముందున్న ప్రశ్న

పదో వారంలో ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ పాజిటివ్, టైటర్ (యాంటీబాడీల మోతాదు కొలత) 1:64. చాలా ల్యాబుల్లో 1:16 లేదా 1:32 దాటితే బిడ్డకి ముప్పు ఉన్నట్టే లెక్క. ఉన్నది యాంటీ-డి ఒక్కటేనా, తోడుగా యాంటీ-సీ, యాంటీ-కెల్ లాంటివి ఉన్నాయా అని ముందే ప్యానెల్ చేయించాను. మరో యాంటీబాడీ కూడా ఉంటే బిడ్డ డి నెగెటివ్ అని తేలినా నిశ్చింతగా ఉండటానికి లేదు. యాంటీ-డి ఒక్కటే వచ్చింది.

“ఈసారి ముందే ఇంజెక్షన్ వేసేయండి మేడమ్, ఎంత ఖర్చయినా పర్లేదు” అన్నాడు భర్త. ఒంట్లో యాంటీబాడీలు తయారైపోయాక యాంటీ-డి వేయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఆ సంగతి అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంట దండగ కాలేదు, అసలు ప్రశ్న అక్కడే బయటపడింది. కడుపులో ఉన్న ఈ బిడ్డ పాజిటివేనా?

టైటర్ దీనికి జవాబు చెప్పదు. అది తల్లి ఒంటికి ఉన్న పాత జ్ఞాపకం. ఇప్పుడున్న బిడ్డ నెగెటివ్ అయినా టైటర్ 1:64 ఉండొచ్చు.

తీగ దొరికింది అత్తగారి మాటల్లో. కోడలి పక్కనే కూర్చుని ఆవిడ అంది: “నాదీ నెగెటివే డాక్టరమ్మా. గర్భసంచి ఆపరేషనప్పుడు చెప్పారు. ముగ్గుర్ని కన్నాను. ఒక్క ఇంజెక్షన్ లేదు, ఒక్క గొడవా లేదు. ఈ పిల్లకే ఎందుకిట్టా?” చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, రేషన్ కార్డు జిరాక్సు వెనక మడిచి దాచిన పాత డిశ్చార్జి కాగితం చూపించింది. సిరా వెలిసిపోయి ఉంది. ఓ నెగెటివ్. కాగితాన్ని నమ్మకుండా అప్పటికప్పుడు మళ్లీ గ్రూపింగ్ చేయించాం. ఓ నెగెటివే.

ఆవిడ అడిగినదానికి జవాబు ఉంది. ఆవిడ ఓ గ్రూపు, ఈ అబ్బాయి ఏ గ్రూపు. ఏ గ్రూపు కణాలు తల్లి రక్తంలోకి రాగానే ఆవిడకి సహజంగానే ఉన్న యాంటీ-ఏ వాటిని ఏరిపారేసింది. ఒళ్లు డి సంగతి గమనించే లోపే కణాలు మాయమయ్యాయి. యాంటీ-డి లేని రోజుల్లో తల్లీబిడ్డల ఏబీఓ గ్రూపులు కుదిరినచోట నూటికి 16 మంది దాకా యాంటీబాడీలు తయారు చేసుకుంటే, కుదరనిచోట ఇద్దరే. కోడలిదీ బిడ్డదీ ఒకే ఏ గ్రూపు కావడంతో ఆమెకి ఆ రక్షణ లేకపోయింది. కోడలి ఒంట్లో ఏ లోపమూ లేదని అత్తగారి ఎదుటే చెప్పాను. అది చెప్పి తీరాల్సిన మాట అని నా నమ్మకం.

ఆవిడ నెగెటివ్ అని తేలడంతో కొడుకు సంగతి కూడా తేలింది. తల్లి నుంచి అతనికి డి లేని ప్రతి (జన్యువు కాపీ) తప్ప మరొకటి వచ్చే వీల్లేదు. అతను పాజిటివ్ అంటే తండ్రి నుంచి డి ఉన్న ప్రతి వచ్చినట్టు. అంటే అతని దగ్గర రెండూ ఒక్కొక్కటి ఉన్నాయి, ఈ బిడ్డకి ఏది వెళ్లిందన్నది బొమ్మా బొరుసు. ముందు ఇద్దరూ పాజిటివ్ కాబట్టి మూడోదీ అంతేనని ఇంట్లో అందరూ ఖాయం చేసుకున్నారు. పాత పందాలు కొత్త పందాన్ని మార్చవు.

దారులు మూడు. మొదటిది, ఉమ్మనీరు తీసి బిడ్డ డీఎన్‌ఏ చూడటం. జవాబు కచ్చితంగా వస్తుంది. కానీ సూది మాయకి తగిలితే మరికొన్ని బిడ్డ కణాలు తల్లిలో కలిసి యాంటీబాడీలు ఇంకా పెరగొచ్చు, గర్భం పోయే ముప్పు కొంచెమైనా ఉంటుంది. ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషికి దాన్ని నేను సూచించలేకపోయాను. రెండోది, గ్రూపు సంగతి వదిలేసి పద్దెనిమిదో వారం నుంచి వారం వారం బిడ్డ మెదడు రక్తనాళం డాప్లర్ చూడటం, అంటే అందులో రక్తం వేగాన్ని స్కానింగ్‌లో కొలవడం; రక్తహీనత ముదిరితే ఆ వేగం పెరుగుతుంది. వాళ్ల ఊరి నుంచి మా దగ్గరికి మూడు గంటల బస్సు ప్రయాణం, ఇద్దరిదీ రోజుకూలి. బిడ్డ నెగెటివ్ అయితే ఆ తిరుగుడంతా ఉత్తి పుణ్యానికి. మూడోది, తల్లి చేతి నరంలోంచి తీసిన రక్తంలోనే బిడ్డ గ్రూపు వెతకడం.

1997లో హాంకాంగ్ శాస్త్రవేత్త డెన్నిస్ లో (Dennis Lo), సహచరులు కలిసి గర్భిణి ప్లాస్మాలో (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) బిడ్డ డీఎన్‌ఏ తిరుగుతుందని చూపించారు. మరుసటి ఏడే దానితో ఆర్‌హెచ్‌డీ (డి గుర్తుని తయారు చేసే జన్యువు) చూసి బిడ్డ గ్రూపు కనిపెట్టవచ్చని రుజువు చేశారు. ఈ డీఎన్‌ఏ బిడ్డ రక్తం నుంచి రాదు. మాయ పైపొర కణాలు చనిపోతూ విడిచే చిన్న చిన్న ముక్కలివి. ప్లాస్మాలో తేలే మొత్తం డీఎన్‌ఏలో ఇవి ఉజ్జాయింపుగా పదో వంతు, మిగతాదంతా తల్లిదే. తల్లి నెగెటివ్ అయితే మనవాళ్లలో ఎక్కువమందికి ఆర్‌హెచ్‌డీ జన్యువు మొత్తంగానే ఉండదు. కాబట్టి ఆమె ప్లాస్మాలో ఆ జన్యువు కనబడిందంటే అది బిడ్డదే.

కనబడితే సందేహం తక్కువ. కనబడకపోతేనే చిక్కు.

మొదటి నమూనా: మా తప్పు

పదకొండో వారంలో, ఒక శనివారం మధ్యాహ్నం రక్తం తీశాం. చేతిలో ఉన్న ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులోకి (రక్తం గడ్డకట్టకుండా చూసే మామూలు ట్యూబు) తీసి కొరియర్‌కి ఇచ్చాం. అది ల్యాబుకి చేరింది సోమవారం సాయంత్రం. వారం తర్వాత రిపోర్టు వచ్చింది: ‘ఆర్‌హెచ్‌డీ జన్యువు కనబడలేదు.’

కుటుంబానికి అది పండగ. అత్తగారు గుళ్లో కొబ్బరికాయ కొట్టి ప్రసాదం తెచ్చిచ్చింది. అది చేతిలో పట్టుకునే రిపోర్టు రెండోసారి చదివాను. ఆ వాక్యం తప్ప కాగితంలో ఇంకేమీ లేదు. నాకు మనసొప్పలేదు. ల్యాబుకి ఫోన్ చేసి మూడు విషయాలు అడిగాను.

ప్లాస్మా ఎప్పుడు వేరుచేశారు? ట్యూబు వచ్చాకే, అంటే రక్తం తీసి రెండు రోజులు దాటాక. ఈడీటీఏ ట్యూబులో రక్తం అలా ఉండిపోతే తల్లి తెల్లకణాలు చిట్లి వాటి డీఎన్‌ఏ ప్లాస్మాలోకి వచ్చేస్తుంది. బిడ్డ వాటా పలచబడుతుంది. గ్లాసు మజ్జిగలో వేయాల్సిన చిటికెడు ఉప్పు బిందెడు మజ్జిగలో వేస్తే నాలుక్కి తగులుతుందా? పైగా పదకొండో వారం. ఆ వాటా అసలే తక్కువగా ఉండే రోజులు.

ఆ నమూనాలో బిడ్డ డీఎన్‌ఏ ఉందని ఎలా తెలుసుకున్నారు? అది విడిగా చూడలేదన్నారు.

జన్యువులో ఎన్నిచోట్ల వెతికారు? రెండుచోట్ల.

రెండో జవాబుతోనే రిపోర్టు విలువ పోయింది. బిడ్డ డీఎన్‌ఏ ఉండి అందులో ఆర్‌హెచ్‌డీ లేకపోయినా ఫలితం ‘కనబడలేదు’ అనే వస్తుంది. బిడ్డ డీఎన్‌ఏ చిటికెడు కూడా దొరక్కపోయినా అదే మాట వస్తుంది. ఈ రెంటినీ విడదీయలేని రిపోర్టు మీద ఒక ప్రాణాన్ని పెట్టలేం. ల్యాబుని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. శనివారం మధ్యాహ్నం తప్పు ట్యూబులో రక్తం తీసింది మేమే.

ఆ కుటుంబాన్ని మళ్లీ పిలిచి “ఇది లెక్కలోకి రాదు, మళ్లీ చూడాలి” అని చెప్పడం నా వృత్తిలో కష్టమైన పనుల్లో ఒకటి. భర్త ముఖం వాడిపోయింది. ఆమె మాత్రం అడిగింది: “అంటే లేదని కాదు, చూడటం కుదరలేదని. అంతేనా మేడమ్?” అంతే. నేను పది నిమిషాలుగా చెప్పలేకపోతున్నది ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

రెండో నమూనా

పదిహేడో వారం దాకా ఆగాం. ఆగడానికి కారణం ఉంది. ఆ సమయానికి బిడ్డ డీఎన్‌ఏ దండిగా ఉంటుంది, డాప్లర్ మొదలుపెట్టాల్సిన వేళకి జవాబు చేతికొస్తుంది. తెల్లకణాలు చిట్లకుండా కాపాడే మందు కలిసిన ప్రత్యేక ట్యూబులు తెప్పించాం. సోమవారం పొద్దున రక్తం తీసి, ట్యూబుని నెమ్మదిగా పదిసార్లు తలకిందులు చేసి, ఐసులో పెట్టొద్దని చెప్పి భర్త చేతికే ఇచ్చాం. దంపతుల రక్తం కూడా మామూలు ట్యూబుల్లో విడిగా పంపాం. ల్యాబు కూడా మార్చాం.

బిడ్డ డీఎన్‌ఏ ఉందని రుజువు చేయడానికి ఏం వాడాలన్నది ఇక్కడ తేలికగా తేలలేదు. తొలినాళ్లలో వై క్రోమోజోమ్ గుర్తు వాడేవారు. అది మగబిడ్డలకే పనికొస్తుంది. ఆడబిడ్డ అయితే మళ్లీ మొదటికే. అంతకన్నా ముఖ్యం, మన దేశంలో 1994 చట్టం ప్రకారం కడుపులో ఉన్నది ఆడో మగో బయటపెట్టడం నేరం. ఆ గుర్తు మా రిపోర్టు దరిదాపులకి రాకూడదన్నది నా షరతు. ఇక తండ్రి దగ్గర ఉండి తల్లి దగ్గర లేని జన్యు గుర్తులు కొన్ని ఎంచుకుని, అవి ప్లాస్మాలో కనబడతాయా అని చూడొచ్చు. ఇక్కడ మేనరికం అడ్డొచ్చింది. ఒకే తాతాబామ్మల నుంచి వచ్చిన వాళ్లు కావడంతో ఇద్దరిలోనూ ఉమ్మడి గుర్తులు ఎక్కువ, తేడా చూపేవి తక్కువ. ల్యాబు దగ్గరున్న ప్యానెల్‌లో గట్టిగా నమ్మదగినది ఒక్కటీ మిగల్లేదు.

చివరికి ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ అనే జన్యువుని ఆశ్రయించాం. మాయ నుంచి వచ్చిన డీఎన్‌ఏలో ఈ జన్యువు మొదటి భాగం మీద మిథైల్ గుర్తులు దట్టంగా ఉంటాయి. తల్లి రక్తకణాల నుంచి వచ్చినదాంట్లో అవి ఉండవు. మిథైల్ లేని చోటే కోసే ఎంజైమ్ వేస్తే తల్లిది ముక్కలైపోతుంది, బిడ్డ వైపుది మిగులుతుంది. మిగిలింది పీసీఆర్‌లో, అంటే డీఎన్‌ఏని కాపీలు చేసి పెంచి చూసే పరీక్షలో, పలికిందంటే బిడ్డ డీఎన్‌ఏ ఉన్నట్టే. ఆడామగా ప్రసక్తి లేదు, తండ్రి గుర్తులతో పని లేదు.

పది రోజులకి వచ్చిన రిపోర్టు ఈసారి రెండు పేజీలు. ఆర్‌హెచ్‌డీ జన్యువులో 5, 7, 10 ఎక్సాన్లు (జన్యువులోని భాగాలు) మూడూ వెతికారు, ఒక్కోదాన్ని పలుమార్లు. ఎక్కడా పలకలేదు. ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ స్పష్టంగా పలికింది. తల్లి తెల్లకణాల్లో ఆర్‌హెచ్‌డీ ఆనవాలు లేదు. తండ్రి రక్తంలో మూడు ఎక్సాన్లూ పలికాయి. ఈ చివరి అంశాన్ని చాలామంది అడగరు. తండ్రి డి జన్యువు అరుదైన రకమై ఈ పరీక్షకి అందనిదైతే, బిడ్డకి అది వెళ్లినా మనకి కనబడదు. ఇతనిది అందుతుందని తేలింది.

ఇప్పుడు ‘కనబడలేదు’ అంటే ‘లేదు’ అనే. బిడ్డ నెగెటివ్ అని చెప్పాను. వారం వారం రావాల్సిన పని లేదని, ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది వారాల్లో మాత్రం డాప్లర్ చూద్దామని అన్నాను. నెగెటివ్ అని తేలాక ఈ మూడూ అక్కర్లేదని వాదించేవాళ్లున్నారు. కానీ ఈ తల్లికి ఒక చావు జ్ఞాపకం ఉంది, ట్యూబులు తారుమారయ్యే అవకాశమూ ఉంది. ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ ఒక బిడ్డ డీఎన్‌ఏ ఉందని చెబుతుందే గానీ అది ఎవరి బిడ్డో చెప్పదు.

ఇరవై నాలుగో వారం

వానలకి దారి తెగి ఆమె మా దగ్గరికి రాలేకపోయింది. దగ్గర్లోని పట్నంలో స్కానింగ్ చేయించుకుంది. మెదడు రక్తనాళంలో వేగం సెకనుకి 47 సెంటీమీటర్లు. ఇరవై నాలుగు వారాలకి మధ్యస్థం 30.7, దానికి ఒకటిన్నర రెట్లు 46. హద్దు దాటింది. అక్కడే చేసిన టైటర్ 1:256. ‘తీవ్ర రక్తహీనత అనుమానం, బిడ్డకి వెంటనే రక్తం ఎక్కించాలి’ అని రాసిచ్చారు. మర్నాడు తెల్లవారుజామున లారీ పట్టుకుని వచ్చారు. ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు ఏది అబద్ధం, జన్యు పరీక్షా డాప్లరా? బొడ్డుతాడులోకి సూది పంపితే అరగంటలో తేలిపోతుంది. కానీ అది బిడ్డకి ప్రమాదం లేని పని కాదు. బిడ్డ నెగెటివ్ అయితే ఆ ప్రమాదాన్ని మనం చేతులారా తెచ్చిపెట్టినట్టు. మారి (Mari) అనే వైద్యుడి బృందం 2000లో ఈ డాప్లర్ పద్ధతిని నిలబెట్టిన అధ్యయనంలోనే తప్పుడు హెచ్చరికలు నూటికి 12. మెలకువగా ఉండి కదులుతున్న బిడ్డలో, తల ఒత్తి పట్టుకుని కొలిస్తే, నాళం మొదలు దగ్గర కాకుండా దూరంగా కొలిస్తే అంకె మారిపోతుంది. టైటర్ సంగతి సరేసరి, ల్యాబు మారితే టైటర్ మారుతుంది.

కాబట్టి మొదట అనుమానించాల్సింది తేలికగా తప్పేదాన్ని. బిడ్డ నిద్రపోయేదాకా కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. ఛాతీ, ఒళ్లు కదలనప్పుడు, నాళం పుట్టిన చోటికి దగ్గరగా, కోణం సున్నాకి దగ్గరగా మూడుసార్లు కొలిచాను. 33, 32, 33. పొట్టలో నీరు లేదు, గుండె పెరగలేదు. పన్నెండో వారంలో దాచిన సీరమ్‌ని కొత్తదాని పక్కనే పెట్టి ఒకే ల్యాబులో టైటర్ చేయిస్తే రెండూ 1:128. అంటే పెరగలేదు.

అయినా ట్యూబు తారుమారు అనుమానం మిగిలే ఉంది. దాన్ని తీర్చడానికి ఒక్కటే దారి, కొత్త నమూనా. మూడోసారి రక్తం పంపాం. జవాబు వచ్చేదాకా ఊళ్లోనే చుట్టాలింట్లో ఉంచి రెండు మూడు రోజులకోసారి డాప్లర్ చూశాం. అంకెలు కదల్లేదు. ఎనిమిదో రోజున రిపోర్టు వచ్చింది. మూడు ఎక్సాన్లూ మౌనం, బిడ్డ గుర్తు స్పష్టం.

కాన్పు

ముప్పై ఎనిమిదో వారంలో మామూలు కాన్పు. బొడ్డుతాడు రక్తంలో గ్రూపు ఏ నెగెటివ్, హిమోగ్లోబిన్ 17.2, డైరెక్ట్ కూంబ్స్ (బిడ్డ కణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసేది) నెగెటివ్. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఈ చివరిది. బిడ్డ కణాల మీద తల్లి యాంటీబాడీలు దట్టంగా అంటుకుపోయి ఉంటే డి పాజిటివ్ బిడ్డ కూడా గ్రూపింగ్‌లో నెగెటివ్‌గా కనబడొచ్చు. కూంబ్స్ నెగెటివ్ కాబట్టి ఇక్కడ అలాంటి మోసం లేదు. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో నిండా ఉన్నాయి, పట్టుకోవడానికి వాటికి ఏమీ దొరకలేదు. లైట్ల కింద పెట్టాల్సినంత కామెర్లు కూడా రాలేదు.

మేం మార్చుకున్నవి

ఈ పరీక్షకి ఇప్పుడు మేం శనివారాలు రక్తం తీయం. ప్రత్యేక ట్యూబు లేకపోతే రెండు గంటల్లో మా దగ్గరే ప్లాస్మా వేరుచేసి గడ్డకట్టించి పంపుతాం. పంపే ఫారం మీద మూడు ప్రశ్నలు ముందే రాస్తాం: బిడ్డ డీఎన్‌ఏ ఉందని ఎలా చూపారు, ఎన్ని ఎక్సాన్లు చూశారు, తండ్రి జన్యువు ఈ పరీక్షకి అందుతుందా. జవాబు లేని రిపోర్టుని ఫైల్లో పెట్టి ఊరుకోం, మళ్లీ అడుగుతాం.

నెగెటివ్ గర్భిణులందరికీ ఈ పరీక్ష చేయొచ్చు కదా అని అడుగుతారు. డెన్మార్క్ 2010 నుంచి, నెదర్లాండ్స్ 2011 నుంచి అలాగే చేస్తూ, బిడ్డ పాజిటివ్ అయిన వాళ్లకే గర్భంలో యాంటీ-డి ఇస్తున్నాయి. అక్కడ నెగెటివ్ తల్లుల్లో నూటికి నలభై మంది దాకా నెగెటివ్ బిడ్డల్నే మోస్తున్నారు, కాబట్టి చాలా సూదులు మిగులుతాయి. మన దగ్గర నెగెటివ్ గ్రూపు నూటికి ఐదుగురిది. లెక్క కడితే మన నెగెటివ్ తల్లుల్లో ఐదుగురిలో ఒకరి బిడ్డ మాత్రమే నెగెటివ్ అవుతుంది. అందుకే ఇక్కడ ఆ డబ్బు ముందుగా ప్రతి నెగెటివ్ తల్లికీ ఇరవై ఎనిమిదో వారంలో, కాన్పయ్యాక సూది అందేలా చూడటానికి పోవాలి. ఈ పరీక్ష ఇప్పటికే యాంటీబాడీలు ఉన్న తల్లులకి, అదీ భర్త దగ్గర డి లేని ప్రతి ఉందని అనుమానం వచ్చినప్పుడు. ఆ అనుమానం రావడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అత్తమామల గ్రూపులు అడగండి. మా హిస్టరీ కాగితంలో ఇప్పుడు దానికో గడి ఉంది.

ఆరో వారం చెకప్‌కి వచ్చినప్పుడు ఆమె ఇంకో బిడ్డ గురించి అడిగింది. మళ్లీ అదే బొమ్మా బొరుసు అని చెప్పాను. యాంటీబాడీలు పోవు, బిడ్డ పాజిటివ్ అయితే కడుపులోనే రక్తం ఎక్కించాల్సి రావొచ్చు. కడుపు నిలిస్తే పదో వారంలోనే రమ్మన్నాను. ఆ ట్యూబులు రెండు ఎప్పుడూ మా అల్మారాలో ఉంటాయి.